ఇత్తడిని ఇత్తడి అనండి

మా ఇంట్లో బీరువా మీద మూడేళ్ల పాటు ఒక సీసా ఉంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సీసా. మూతకు ఎర్ర రిబ్బను. ఒంటికి అంటించిన కాగితం మీద ఒక దైవజనుడి నవ్వు మొహం, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రిఫరెన్సు, ఇంకా కింద ఫోను నంబరు. మా అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు ఒక స్వస్థత సభలో కొన్నాను. అక్కడ ‘కొన్నాను’ అనకూడదు. కానుక ఇచ్చి తీసుకున్నాను అనాలి. ఆ కానుక ఎంతో బల్ల మీద అట్టముక్కకు రాసిపెట్టారు. చిన్న సీసాకు ఒకటి, పెద్ద సీసాకు ఒకటి. నా జేబుకు చిన్నదే అందింది. తిరుగు బస్సులో రాత్రంతా మనసు పీకుతూనే ఉంది, అమ్మ మీద నాకు పెద్ద సీసా అంత ప్రేమ లేదా అని.

అమ్మ పోయింది. నూనె సగం మిగిలింది. ఇల్లు సర్దుతూ ఒకరోజు ఆ సీసాను చెత్తబుట్టలో వేయబోయాను. చేయి ఆగిపోయింది. నలభై ఏళ్లుగా బైబిలు చదువుతున్నవాణ్ణి, సండేస్కూలు పిల్లలకు పది ఆజ్ఞలు కంఠతా పెట్టించినవాణ్ణి, కొబ్బరినూనె సీసాను పారేయడానికి జంకాను. పారేస్తే ఏమవుతుందోనని. మూత బిగించి మళ్లీ బీరువా మీద పెట్టాను. పెడుతూ ఉండగానే తెలిసిపోయింది, మా ఇంట్లో విగ్రహం ఉందని. దాన్ని నేనే డబ్బిచ్చి తెచ్చుకున్నానని.

విగ్రహం అనగానే మనవాళ్ల చూపు వీధి చివరి గుడి మీదికి పోతుంది. ఇంకొంచెం ముందుకు పోతే గుణదల కొండ మీదికి పోతుంది. మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించేవాళ్లను చూసి ప్రొటెస్టెంటులం ముసిముసిగా నవ్వుకుంటాం. పొరుగువాడి దేవుణ్ణి మైకులో వెక్కిరిస్తే అది ధైర్యమని, సువార్త అని ఇంకొందరు అనుకుంటారు. విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ సీనాయి కొండ దగ్గర ఎవరికి వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఐగుప్తులో ఉండిపోయినవాళ్లకు రాలేదు. ఎర్రసముద్రం దాటి వచ్చిన సొంత జనానికి వచ్చింది. ప్రవక్తలు ఎక్కువగా గొంతు చించుకున్నది సొంత జనం ఎదుటే. కాబట్టి ఈ రాతలో పొరుగువాడి మీద ఒక్క మాట ఉండదు. ఇది ఇంటి గొడవ. మన మందిరం గొడవ.

బంగారు దూడ కథ అందరికీ తెలుసు. అందులో ఒక చిన్న మాటను మాత్రం బోధకులు గబగబా దాటేస్తారు. దూడను నిలబెట్టాక అహరోను చాటించింది వేరే దేవుడి పండుగ కాదు. యెహోవాకే పండుగ అని చాటించాడు. పేరు సరైనదే. పండుగ సరైనదే. బలిపీఠమూ ఉంది. మధ్యలో దూడ ఉంది, అంతే. మన ఫ్లెక్సీల మీద కూడా పైన యేసు నామమే ఉంటుంది కదా!

అంతకంటే లోతైన కథ ఇంకొకటి ఉంది. అరణ్యంలో పాములు కరిచినప్పుడు మోషే ఇత్తడి సర్పాన్ని చేయించి స్తంభం మీద ఎత్తాడు. చేయమన్నది దేవుడే. చూసినవాళ్లు బతికారు. అందులో మోసం లేదు, దొంగ సాక్ష్యం లేదు. ఆ ఇత్తడి ముక్కను వాళ్లు భద్రంగా దాచుకున్నారు. వందల ఏళ్లు గడిచాక, హిజ్కియా రాజు యెరూషలేములో సింహాసనం ఎక్కేనాటికి, జనం దాని ముందు ధూపం వేస్తున్నారు. హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు. దానికి మిగిలిన పేరు నెహుష్టాను. వట్టి ఇత్తడిది అనే అర్థం ఆ మాటలోనే ఉంది.

నేను చెప్పదలచుకున్న ఒక్క మాట ఇదే. మందిరంలోకి విగ్రహం బయటినుంచి రాదు. దేవుడు ఒకప్పుడు నిజంగా వాడుకున్న వస్తువే, నిజంగా వాడుకున్న మనిషే, నిజంగా జరిగిన మేలే మెల్లగా పీఠమెక్కుతుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. అబద్ధపు దేవుణ్ణి అయితే ఎవరైనా గుర్తుపడతారు. నిజమైన దేవుడి చేతి పనిముట్టును దేవుడిగా చేసుకున్నప్పుడు గుర్తుపట్టాలంటే హిజ్కియాకు ఉన్నంత తెగువ కావాలి.

ముందు నూనె సంగతి తేలుద్దాం. యాకోబు పత్రికలో నూనె ఉంది కదా అంటారు. ఉంది. ఎలా ఉందో కూడా చదవండి. రోగి పిలవాలి. సంఘ పెద్దలు రోగి ఇంటికి రావాలి. వాళ్లే నూనె రాసి ప్రార్థించాలి. ఒకరి పాపాలు ఒకరి దగ్గర ఒప్పుకోవాలి. అక్కడ సీసా లేదు, కౌంటరు లేదు, కొరియరు లేదు. మంచాన పడ్డ మనిషి దగ్గరికి పెద్దలు నడిచి రావాల్సిన శ్రమను కాస్తా మనం ఒక సీసాలో పోసి మూత బిగించాం. ఇప్పుడు పెద్దలు రానక్కర్లేదు. రోగే రెండు బస్సులు మారి వస్తాడు.

రుమాళ్ల వాళ్లు ఇంకొక వాక్యం చూపిస్తారు. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన గుడ్డలను రోగుల దగ్గరికి తీసుకువెళ్తే బాగయ్యారని. అపొస్తలుల కార్యాలు పందొమ్మిదో అధ్యాయం. నిజమే. అయితే అయ్యా, ఆ అధ్యాయాన్ని అక్కడే మూసేయకండి. వెంటనే స్కెవ కొడుకులు ఏడుగురు వస్తారు. వాళ్లు యేసు పేరును మంత్రంలా వాడబోయి దెబ్బలు తిని, బట్టల్లేకుండా ఇంట్లోంచి పారిపోతారు. ఆ తరువాత జనం తమ మంత్రవిద్య పుస్తకాలను తెచ్చి నలుగురి ఎదుట తగలబెడతారు. వాటి వెల లెక్క కడితే 50,000 వెండి రూకలు. ఆ తరువాత దేమేత్రి అనే కంసాలి వస్తాడు. అర్తెమి దేవికి వెండి గుళ్లు చేసి అమ్ముకునేవాడు. ఈ పౌలు వల్ల మన వ్యాపారం పోతోందని ఊరంతా అల్లరి లేపుతాడు. ఒకే అధ్యాయంలో రుమాలు, మంత్రం, మంట, వ్యాపారం వరుసగా నిలబడి ఉన్నాయి. పౌలు గుడ్డ వెళ్లిన ఊళ్లో భక్తి సరుకులు అమ్మేవాడికి దుకాణం మూతపడుతుందన్న భయం పట్టుకుంది. మన రుమాళ్లు వెళ్లిన ఊళ్లలో మాత్రం కొత్త దుకాణాలు తెరుచుకుంటున్నాయి. మనం పౌలు వారసులమా, దేమేత్రి వారసులమా?

‘పేదల విశ్వాసాన్ని ఎగతాళి చేయకు’ అని నన్ను హెచ్చరించేవాళ్లు ఉన్నారు. బాబూ, సీసా కొన్న పేదవాణ్ణి నేనే. నన్ను నేను ఎగతాళి చేసుకోవడం లేదు. రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన ఒక స్త్రీ జనంలో దూరి ప్రభువు వస్త్రపు చెంగు ముట్టింది. బాగైంది. ఆయన ఏం చేశాడు? నడక ఆపాడు. వెనక్కి తిరిగాడు. ఎవరు ముట్టారని వెతికాడు. ఆమెను ఎదురుగా నిలబెట్టి, కుమారీ అని పిలిచి మాట్లాడాడు. చెంగు దగ్గర ఆగిపోబోయిన విశ్వాసాన్ని తన మొహం దాకా తెచ్చుకున్నాడు. ఆ చెంగును ముక్కలు చేసి ఊరూరా పంపలేదు. ఆయన బట్టలను పంచుకున్నవాళ్లు సువార్తల్లో ఒక్కచోటే కనిపిస్తారు. సిలువ కింద కూర్చున్న సైనికులు వాళ్లు. చీట్లు వేసి మరీ పంచుకున్నారు.

రెండో ఇత్తడి ముక్కకు కాళ్లూ చేతులూ ఉన్నాయి. కోటు ఉంది. కారు ఉంది. ఊరి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ చూడండి. నిలువెత్తున అయ్యగారు, పక్కన అమ్మగారు, వెనక ఆకాశంలోకి చేతులెత్తిన జనం. ప్రభువుకు దొరికిన చోటు పైమూలన అరచేయంత పావురం. అయ్యగారి పుట్టినరోజుకు కేకు, పెళ్లిరోజుకు కేకు, సేవలో అడుగుపెట్టిన రోజుకు కేకు. గజమాల వేయడానికి క్రేను. పాటలో ప్రభువు పేరుకు లేవని చేతులు ఆయన వేదిక ఎక్కగానే లేస్తాయి. ‘మా అయ్యగారు ప్రార్థిస్తే తిరుగులేదు’ అంటారు. తిరుగులేనిది ఎవరి మాట? ఆలోచించే అన్నారా?

కొర్నేలి ఇంట్లో అడుగుపెట్టిన పేతురు కాళ్ల మీద ఆ శతాధిపతి పడ్డాడు. పేతురు వెంటనే లేవనెత్తి, తానూ మనిషినే అన్నాడు. లుస్త్రలో జనం పౌలునూ బర్నబానూ దేవతలనుకుని ఎడ్లను, పూలదండలను తెచ్చారు. ఇద్దరూ బట్టలు చించుకుని గుంపులోకి పరుగెత్తారు. ప్రకటన గ్రంథంలో దేవదూత కూడా తన పాదాల మీద పడబోయిన యోహానును వారించాడు. దేవదూతకు తగనిది దైవజనుడికి తగిందా? దండలు చూసి బట్టలు చించుకున్న బోధకుణ్ణి మన తరంలో ఎవరైనా చూశారా? దండ సరిగా పడలేదని ఫోటో కోసం మళ్లీ వేయించుకున్నవాణ్ణి నేను చూశాను.

మహిమంతా ప్రభువుకే, నేను వట్టివాణ్ణి అని మైకులో అనడం తెలుసు వీళ్లకు. గిద్యోను కూడా అన్నాడు. నేను మిమ్మల్ని ఏలను, దేవుడే ఏలుతాడు అన్నాడు. ఎంత గొప్ప మాట! అదే నోటితో వెంటనే, మీ దోపుడు సొమ్ములోంచి తలా ఒక పోగు ఇవ్వండి అన్నాడు. దుప్పటి పరిచారు. 1,700 తులాల బంగారం పడింది. దానితో ఏఫోదు చేయించి తన ఊళ్లో పెట్టుకున్నాడు. ఇశ్రాయేలంతా దాని వెంట పడ్డారు. అది అతని ఇంటికే ఉరి అయింది. సింహాసనం వద్దని చెప్పి దుప్పటి పరచడం కొత్త విద్య కాదు. ఇప్పుడు దుప్పటి బదులు స్కానరు అంటిస్తున్నారు.

ప్రతి దైవజనుడూ ఇలాగే ఉన్నాడా? లేడు. పల్లెల్లో సైకిలు మీద తిరిగే పాస్టర్లను నాకు తెలుసు. అర్ధరాత్రి ఆసుపత్రిలో శవం పక్కన కూర్చునేవాళ్లను, తమ పిల్లల ఫీజు కట్టలేకున్నా విధవరాలికి బియ్యం ఇచ్చేవాళ్లను నాకు తెలుసు. వాళ్ల ఫ్లెక్సీ ఎక్కడా ఉండదు. ఈ పటాటోపం వల్ల మొదట నష్టపోతున్నదీ వాళ్లే. టీవీలో అద్భుతం చూసి వచ్చిన విశ్వాసి, మా అయ్యగారికి అభిషేకం తక్కువ అని వాళ్లను విడిచి పోతున్నాడు. తప్పు అయ్యగార్లది మాత్రమే అనుకుంటే పొరపాటు. అహరోను దూడను పోతపోశాడు సరే, బంగారు పోగులు చెవుల నుంచి తీసి ఇచ్చింది ఎవరు? మనం. కొరింథులో నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో వాణ్ణి అని వర్గాలు కట్టింది ఎవరు? పౌలూ కాదు, అపొల్లో కూడా కాదు.

ఇక ఆరాధన. ఈ మాట ఇప్పుడు పాటల భాగానికి పేరైపోయింది. ఆరాధన అయిపోయాక వాక్యం ఉంటుంది అంటారు. అంటే వాక్యం వినడం, కానుక ఇవ్వడం, ఇంటికి వెళ్లి పెళ్లాంతో మర్యాదగా మాట్లాడడం ఆరాధన కాదన్నమాట. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, పొగ యంత్రం, నీలి లైటు, ఎల్ఈడీ తెర. లైటు తగ్గగానే కళ్లు మూసుకోవాలి, స్వరం పెరగగానే చేతులెత్తాలి. కన్నీళ్లు ఎప్పుడు రావాలో కీబోర్డు వాయించే కుర్రాడికి ముందే తెలుసు. కరోనా రోజుల్లో మందిరాలు మూతపడితే ఫోను కెమెరా అక్కరకు వచ్చింది. ముసలివాళ్లకు ఆదరణ అయింది. కాదనను. ఆ తరువాత మందిరం తలుపులు తెరిచినా కెమెరా బయటికి పోలేదు. ఇప్పుడు మోకాళ్ల మీద ఏడుస్తున్న మనిషి మొహం ముందుకు లెన్సు వస్తోంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు ప్రభువు. మనం తలుపు తీసి లైవు పెట్టాం.

ఆమోసు అనే పశువుల కాపరి బేతేలుకు వచ్చి చెప్పిన సంగతి ఏమిటి? మీ పండుగలు నాకు అసహ్యం, మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి, న్యాయాన్ని పారనివ్వండి అని దేవుడు అంటున్నాడన్నదే దాని సారం. పాట బాగాలేదని కాదు. ఆ పాట పాడేవాళ్ల వాకిట్లో పేదవాణ్ణి చెప్పుల జతకు అమ్ముకుంటున్నారని.

పాత పాటల పక్షాన నిలబడ్డవాళ్లు ఇక్కడ నన్ను మెచ్చుకోనక్కర్లేదు. వాళ్లకూ ఒక ఇత్తడి ముక్క ఉంది. పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కట్టింది తెలుగు నోరు నిండుగా స్తుతించాలని. ఆ పుస్తకం అట్టను ముద్దు పెట్టుకుని, అందులో లేని పాట పాడిన పిల్లవాణ్ణి కసురుకునే పెద్దలున్నారు. వాళ్లకు కీర్తనలే దేవుడు. మెదక్ చర్చి గోపురం చూసి పొంగిపోతాం. 1914లో మొదలై 1924లో ముగిసిన ఆ కట్టడం వెనక కరువు జనానికి పనీ అన్నమూ పెట్టిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆరాటం ఉంది. ఆ ఆరాటం ఎంతమందికి గుర్తుంది? గోపురం ముందు సెల్ఫీ మాత్రం గుర్తుంటుంది. రాళ్లు మిగిలాయి, అన్నం మరిచిపోయాం.

డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి సంగతి చెప్పకపోతే ఈ రాత నిండదు. వాచ్ నైట్. పళ్లెంలో వాగ్దానం కార్డులు. కళ్లు మూసుకుని ఒకటి తీయాలి. ఈ ఏడంతా ఆ వాక్యమే మన జాతకం. రోడ్డు పక్కన చిలక పంజరంలోంచి వచ్చి కార్డు తీస్తే మూఢనమ్మకం, మనమే చిలకలమై తీస్తే విశ్వాసం! పైగా ఆ పళ్లెంలోకి అన్ని వాక్యాలూ రావు. తలగా ఉంచుతాను, విస్తరింపజేస్తాను, శత్రువులను తరుముతాను అనేవే వస్తాయి. ఆమోసు అయిదో అధ్యాయం ఎవరికీ రాదేం? నీ సిలువ ఎత్తుకొమ్మన్న మాట ఏ కార్డు మీదా అచ్చు పడదేం? సందర్భంలోంచి చింపిన వాక్యం తావీదు. దాన్ని మెడలో కట్టుకున్నా ఒకటే, ఫ్రిజ్ మీద అంటించుకున్నా ఒకటే.

విత్తనం కానుక అంటారు. వెయ్యి విత్తితే లక్ష కోస్తావట. 1517లో విటెన్‌బర్గ్‌లో లూథర్ పాపక్షమాపణ పత్రాల మీద తిరగబడ్డాడని అక్టోబరు నెలాఖరులో ఏటా సంస్కరణ దినం చేసుకునే మనమే ఆశీర్వాదాన్ని రసీదు మీద అమ్ముతున్నాం. లోభమంటే విగ్రహారాధనే అని పౌలు కొలొస్సయులకు సూటిగా రాశాడు. దేవుణ్ణి ఏటీఎంలా వాడుకోవడానికి నేర్పే బోధ దేవుడి పేరుతో డబ్బును పూజించడమే. ఎలీషా నయమాను కుష్టు బాగుచేసి కానుక ముట్టలేదు. వెనకే పరుగెత్తి రెండు మణుగుల వెండి, రెండు జతల బట్టలు తెచ్చుకున్న గేహజీకి ఆ కుష్టు అంటుకుంది. మన వేదికల మీద ఎలీషా పేరు చెప్పుకుని గేహజీ పని చేసేవాళ్లకు తక్కువ లేదు.

మన తెలుగు నేల మీదే దీనికి జవాబు ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో దారుణమైన కరువు. ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత మేర పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో చస్తున్న వేల మందికి కూలి ఇప్పించాడు. ఆ జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఈనాటి వాళ్లయితే ఎగిరి గంతేసేవారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలాలన్నాడు. సహాయం పనులు ముగిసి, చేతిలో పెట్టడానికి ఏమీ లేనప్పుడు, రండి అన్నాడు. అప్పుడు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ 2,222 అంకెను మనం పటం కట్టించి గోడకు తగిలించుకున్నాం. ఆ పదిహేను నెలలను పారేశాం. అంకె నెహుష్టాను అయింది. ఈనాడు ఏ సభ పోస్టరు చూసినా వేలు, లక్షలు. ఎవరైనా పదిహేను నెలలు ఆగారా? చేతిలో ఏమీ లేకుండా పిలిచారా?

ఆ నదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకంటే ముందు యర్రగుంట్ల పేరయ్య ఊరూరా నడిచి వాళ్లకు మాట చెప్పాడు. ఆ పల్లెల్లో విశ్వాసులు ఒప్పుకున్నవి మూడు నియమాలు. ఆదివారం పని చేయం, చచ్చిన గొడ్డు తినం, విగ్రహాలకు మొక్కం. వినడానికి చిన్న మాటలు. ఊరి జాతరకు డప్పు కొట్టమంటే కొట్టం అని చెప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కూలి పోయింది, బావి నీళ్లు పోయాయి, ఒంటి మీద దెబ్బలు పడ్డాయి. మూడో నియమానికి వాళ్లు అంత వెల చెల్లించారు. వాళ్ల మునిమనవలం మనం. మనిషి బొమ్మ ఉన్న సీసాకు వెల చెల్లిస్తున్నాం.

కులం పేరు వచ్చింది కనుక అదీ అనేస్తాను. అన్నిటికంటే పాత విగ్రహం అది. నేను ముందు చెప్పిన మాటకు ఇదొక్కటే మినహాయింపు. దాన్ని ఏ దేవుడూ మన చేతికివ్వలేదు, మనమే మూటగట్టుకుని బాప్తిస్మపు నీళ్లలోకి తెచ్చాం. మిగతావన్నీ నీళ్లలో మునిగాయి, ఈ మూట తేలింది. పెళ్లి ప్రకటనలో క్రైస్తవులు అని రాసి పక్కనే కులం రాస్తాం. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్ల చర్చి, కమ్మవారి చర్చి అని గుర్తులు చెప్పుకుంటాం. ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తాం, ఆ బల్ల మనవాళ్లదైతేనే. కొరింథు సంఘంలో ఒకడు మెక్కి ఒకడు పస్తుంటే అది ప్రభువు బల్లే కాదన్నాడు పౌలు. మన బల్లలను చూస్తే ఏమనేవాడో! ఫ్లెక్సీని చింపడం తేలిక. కూతురి సంబంధం దగ్గర ఈ విగ్రహాన్ని పగలగొట్టి చూడండి, అప్పుడు నమ్ముతాను మీ ఆరాధనను.

ఇంక సెమీ క్రిస్మస్. క్రిస్మస్‌లో సగం ఏమిటో, మిగతా సగం ఎక్కడికి పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. వేదిక మీద రాజకీయ నాయకుడికి మధ్య కుర్చీ. వాక్యం చెప్పే పెద్దాయన అయిదు నిమిషాల్లో ముగించాలి, ఎందుకంటే నాయకుడికి ఇంకో కేకు ఉంది. యరొబాము బేతేలులో, దానులో రెండు దూడలను పెట్టింది భక్తితో కాదు, గద్దె కోసం. యెరూషలేము దాకా వెళ్లడం మీకు కష్టం కదా అన్నాడు. పాలకుడు మన సౌకర్యం గురించి మందిరంలో మాట్లాడితే చెవులు నిక్కబొడుచుకోవాలి, చప్పట్లు కొట్టకూడదు.

అభిషిక్తుల జోలికి వెళ్లకూడదని ఒక బెదిరింపు ఉంది. దావీదు సౌలును చంపలేదు, నిజమే. గుహలోంచి బయటికి వచ్చి గొంతెత్తి నిలదీశాడు, అదీ నిజమే. అదే దావీదు అభిషిక్తుడైన రాజుగా పాపం చేస్తే నాతాను అంతఃపురంలోకి వెళ్లి వేలు చూపించాడు. ముట్టకూడదంటే కత్తితో ముట్టకూడదని. లెక్కలు అడగకూడదని కాదు.

అసలే చర్చిల మీద దాడులు జరుగుతున్న కాలం, ఇంటి గుట్టు బయట పెడతావా అంటారు. ఈ మాట నాకూ గుచ్చుకుంటుంది. భయం నిజమైనదే. కానీ యిర్మీయా ఎప్పుడు మాట్లాడాడు? ఉత్తరం నుంచి ముప్పు ముంచుకొస్తున్న కాలంలో ఆలయ ద్వారంలో నిలబడి, ఇది దేవుని ఆలయం అని మూడుసార్లు వల్లించినంత మాత్రాన కాపాడదని చెప్పాడు. అనాథను, విధవరాలిని, పరదేశిని బాధపెట్టడం మానమన్నాడు. బయటివాడు రాయి వేస్తే గోడ నిలవాలి కదా, లోపల చెదలుంటే ఎలా నిలుస్తుంది?

సుత్తులు పట్టుకుని బయల్దేరమని నేను అనడం లేదు. 1522లో విటెన్‌బర్గ్‌లో కొందరు చర్చిలో బొమ్మలు పీకేస్తుంటే లూథర్ దాక్కున్న చోటి నుంచి తిరిగి వచ్చి వరసగా ఎనిమిది ప్రసంగాలు చేశాడు. చేతులతో పీకే ముందు వాక్యంతో గుండెలోంచి పీకాలన్నది ఆయన వాదం. గుండెలో ఉన్నంతకాలం గోడ మీది మేకు ఖాళీగా ఉండదు, ఇంకోటి వచ్చి వేలాడుతుంది.

అయితే గుండె సంగతి అని చెప్పి చేతులు ముడుచుకోవడమూ కుదరదు. రేపు ఆదివారం చేయగల పనులున్నాయి. ఫ్లెక్సీ మీద మనిషి ఫోటో వద్దు, వాక్యం వేళలూ స్థలమూ చాలు. నూనె, రుమాలు, నీళ్లు, దేనికీ వెల గానీ కానుక గానీ పెట్టకండి, ఇంటికి వెళ్లి ప్రార్థించండి. నెలకోసారి సంఘం ఎదుట జమాఖర్చులు చదవండి. ప్రార్థించే మనిషి మీద కెమెరా తిప్పకండి. స్వస్థత సాక్ష్యం చెప్పించే ముందు ఆరు నెలలు ఆగండి, డాక్టరు కాగితం చూడండి. క్లౌ పదిహేను నెలలు ఆగగలిగాడు. ఎవరి మందులూ ఆపించకండి. నెలకో ఆదివారం వాయిద్యాలన్నీ పక్కన పెట్టి వట్టి గొంతులతో పాడండి. గొంతులో ఏముందో ఆ రోజు తెలుస్తుంది. వేదిక మీద నాయకుడికి కుర్చీ వేయకండి, జనంలో చాప మీద చోటివ్వండి. హైదరాబాదు హెబ్రోను మందిరంలో భక్త్ సింగ్ కాలంలో చాపల మీద కూర్చున్నారు, ఆరాధన తరువాత పంక్తిలో కూర్చుని కలిసి అన్నం తిన్నారు. ఆ అన్నం ముందు ఎవరి కులమూ అడగకండి.

ఇవన్నీ చేస్తే జనం తగ్గుతారంటారా? తగ్గుతారు. యోహాను సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు దగ్గర కూడా తగ్గారు. రొట్టె తిన్నవాళ్లు వేలు. మాట విన్నాక మిగిలినవాళ్లు గుప్పెడు. మీరూ వెళ్తారా అని ఆ గుప్పెడు మందినీ అడిగాడు. బతిమాలలేదు.

చివరికి నా సీసా సంగతి. మొన్న వానలకు మా ఇంటి గేటు బందులు తుప్పుపట్టాయి. తీసినప్పుడల్లా వీధంతా వినపడేలా కిర్రుమంటోంది. బీరువా మీద నుంచి సీసా దించాను. చేయి వణికిందని ఒప్పుకుంటాను. ఎర్ర రిబ్బను కత్తిరించి, కాగితం మీది నవ్వు మొహాన్ని గోరుతో గీకి తీశాను. నూనెను బొట్టుబొట్టుగా బందుల్లో పోసి గేటును అటూ ఇటూ ఊపాను. ఇంకో ఊపుకు శబ్దం ఆగిపోయింది. నూనె చేయగల పని నూనె చేసింది. ఆ రాత్రి, చాలా కాలం తరువాత, మధ్యలో ఏ సీసా లేకుండా అమ్మ కోసం ఏడుస్తూ దేవుడితో మాట్లాడాను.